మోటారు మార్చకముందు బండిని చదవండి

మీకొక చిక్కు ప్రశ్న. మీ దగ్గర ఒక రేడియో కంట్రోలు బగ్గీ ఉందనుకోండి. బగ్గీ అంటే తెలుసుగా? లావుపాటి రబ్బరు చక్రాలతో, స్ప్రింగుల మీద ఊగుతూ, మట్టిలోనూ గుంతల్లోనూ పరుగెత్తే బుల్లి బండి. దాన్ని ఆటస్థలంలో మట్టినేల మీద వేగంగా పోనిచ్చి గిరుక్కున తిప్పారు. అది పక్కకు జారింది, దుమ్ము లేపింది, అంతే. అదే బండిని మేడమీదికి తీసుకుపోయి గరుకు సిమెంటు నేలమీద అదే వేగంతో, అంతే మలుపు తిప్పారు. ఈసారి జారలేదు. పల్టీ కొట్టి చక్రాలు పైకెత్తింది!

బండి అదే. మోటారు అదే. తిప్పిన చెయ్యీ అదే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది పిల్లలు తడుముకుంటారు. కాని “నీ బండి పందెంలో ఎందుకు ఓడిపోయింది?” అని అడిగి చూడండి, తడుముకోకుండా చెబుతారు: “మోటారు చిన్నది. పెద్ద మోటారు వేస్తే గెలుస్తాను.” ఆ మాట నాన్నగారి చెవిన పడుతుంది. ఆయన కొనిపెడితే బండి ఇంకాస్త వేగంగా పోయి ఇంకాస్త గట్టిగా బోర్లాపడుతుంది. కొనిపెట్టకపోతే “మన దగ్గర డబ్బు లేదు కాబట్టి ఓడిపోయాం” అనే బాధ మిగులుతుంది. రెండూ తప్పే. పందెంలో ఎక్కువ సార్లు ఓడిపోయేది మోటారు కాదు, బండిని అర్థం చేసుకోని మనమే. నా అభిప్రాయం ఇది. ఇది ఊరికే అంటున్న మాట కాదని మీకు లెక్కతో సహా చూపిస్తాను. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

ముందు మలుపు సంగతి

బండి వంపులో తిరగాలంటే దాన్ని వంపు కేంద్రం వైపు లాగే బలం ఒకటి ఉండాలి. దాన్నే అభికేంద్ర బలం అని మీ భౌతికశాస్త్రం పుస్తకంలో చదివారు. బండిని అలా లాగేది ఎవరు? తాడు లేదు, పట్టాలు లేవు. టైరుకూ నేలకూ మధ్య ఉన్న ఘర్షణ ఒక్కటే దిక్కు. మోటారు ఎంత గొప్పదైనా ఈ విషయంలో చేయగలిగింది ఏమీ లేదు.

ఘర్షణ భరించగల గరిష్ఠ వేగాన్ని లెక్కగట్టవచ్చు. ఘర్షణ గుణకాన్ని గురుత్వ త్వరణంతోను, మలుపు వ్యాసార్ధంతోను హెచ్చవేసి వర్గమూలం తీయండి. వదులు మట్టిమీద ఘర్షణ గుణకం 0.6 అనుకుందాం. మలుపు వ్యాసార్ధం 1 మీటరు. 0.6ను 9.8తో హెచ్చిస్తే 5.88. దాని వర్గమూలం సుమారు 2.4. అంటే ఆ మలుపులో మీ బండి సెకనుకు 2.4 మీటర్ల కంటె వేగంగా పోలేదు. గంటకు తొమ్మిది కిలోమీటర్లకు లోపే! మీ మోటారు బండిని గంటకు 20 కిలోమీటర్ల వేగంతో లాగగలదా, 40 కిలోమీటర్ల వేగంతో లాగగలదా అన్నది ఈ మలుపుకు అక్కరలేదు. ఈ లెక్కలో బండి బరువు కూడా లేదు, గమనించారా? బరువు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది, కావలసిన బలమూ అంతే పెరుగుతుంది. రెండూ చెల్లుకు చెల్లు.

ఇప్పుడు తిన్నటి దారి సంగతి చూద్దాం. మీ ట్రాకులో 8 మీటర్ల తిన్నటి దారులు రెండు ఉన్నాయనుకోండి. సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతే ఒక్కోదానికి 2 సెకన్లు పడుతుంది. మోటారు మార్చి 5 మీటర్ల వేగం తెచ్చారు. ఇప్పుడు 1.6 సెకన్లు. రెండు దారులకూ కలిపి మీకు మిగిలింది 0.8 సెకను. బాగానే ఉంది. కాని మలుపులో ఒక్కసారి బండి బోర్లాపడితే మీ స్నేహితుడు పరుగెత్తి వెళ్ళి దాన్ని నిలబెట్టాలి. దానికి 5 సెకన్లన్నా పట్టదూ? అంటే ఆరు చుట్లలో సంపాదించిన లాభం ఒక్క పల్టీతో గల్లంతు.

ఒక పలక, రెండు పరీక్షలు

మరి బండి జారుతుందా, పల్టీ కొడుతుందా అని ముందే తెలుసుకోవడం ఎలా? దీనికి ప్రయోగశాల అక్కరలేదు. మీటరు పొడవు చెక్కపలక ఒకటి, స్కేలు ఒకటి, దారానికి కట్టిన మేకు ఒకటి చాలు.

పలకను నేలమీద పరిచి బండిని దానిమీద అడ్డంగా నిలబెట్టండి. అంటే పలకను ఎత్తినప్పుడు బండి ముందుకు దొర్లకూడదు, పక్కకు వాలాలి. ఇప్పుడు పలక ఒక కొసను మెల్లగా ఎత్తుతూ పొండి. కిందపడితే పట్టుకోవడానికి మీ స్నేహితుణ్ణి దగ్గర ఉంచుకోండి. ఒకానొక వాలులో బండి పక్కకు జారడం మొదలుపెడుతుంది. అక్కడ ఆపండి. ఎత్తిన కొస నేలనుంచి ఎంత ఎత్తున ఉందో కొలవండి. ఆ కొసనుంచి దారాన్ని వేలాడదీసి, మేకు ములుకు నేలను తాకిన చోటినుంచి పలక కింది అంచు దాకా ఎంత దూరమో కొలవండి. ఎత్తును దూరంతో భాగించండి. వచ్చినదే మీ టైరుకూ ఆ పలకకూ మధ్య ఘర్షణ గుణకం. పదో తరగతి వాళ్ళు దీన్ని వాలుకోణం టాంజెంటు అని వెంటనే గుర్తుపడతారు.

ఇక రెండో పరీక్ష. ఈసారి కింది వైపు చక్రాలకు అడ్డంగా సన్నటి పుల్లను పలకకు అంటించండి. ఇప్పుడు బండి జారలేదు. పలకను ఎత్తుకుంటూ పోతే ఒక వాలులో పైవైపు చక్రాలు లేచిపోతాయి. మళ్ళీ ఎత్తును దూరంతో భాగించండి. ఇది బండి పల్టీ కొట్టే హద్దు. ఈ సంఖ్య ఎక్కడనుంచి వచ్చిందో తెలుసా? కుడి ఎడమ చక్రాల మధ్య దూరంలో సగాన్ని, గురుత్వకేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇదే. చక్రాల మధ్య దూరం 16 సెంటీమీటర్లు, గురుత్వకేంద్రం ఎత్తు 9 సెంటీమీటర్లు అయితే 8ని 9తో భాగించాలి. సుమారు 0.89.

ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టండి. మొదటి సంఖ్య రెండోదానికంటె చిన్నదైతే మలుపులో బండి జారుతుంది. పెద్దదైతే పల్టీ కొడుతుంది. మన చిక్కు ప్రశ్న విడిపోయింది! మట్టిమీద గుణకం 0.6, అది 0.89 కన్న తక్కువ కనుక బండి జారి బతికిపోయింది. గరుకు సిమెంటుమీద మెత్తటి రబ్బరు టైరుకు గుణకం 0.9 దాటవచ్చు. అక్కడ జారకముందే బండి తిరగబడింది. ఎక్కువ పట్టు ఉండడమే దాని కొంప ముంచిందన్నమాట.

నేలలు మార్చి మార్చి చూడండి. పలకమీద కడప బండ ముక్క పెట్టండి. గరుకు కాగితం అంటించండి. బంక పూసి మట్టి చల్లి ఆరనివ్వండి. ప్రతి నేలకూ ఒక సంఖ్య వస్తుంది.

ఇప్పుడు పరిష్కారం మీకే తోస్తుంది. బ్యాటరీని కాస్త కిందికి దించి గురుత్వకేంద్రాన్ని 9 సెంటీమీటర్ల నుంచి 7కు తెచ్చారనుకోండి. 8ని 7తో భాగిస్తే 1.14. ఆ సిమెంటు నేలమీద ఇక పల్టీ లేదు. ఖర్చు ఎంత? నాలుగు స్క్రూలు విప్పి బిగించిన శ్రమ. పైనున్న బరువైన ప్లాస్టిక్ బొమ్మ డ్రైవరును తీసేసినా కొంత ఫలితం కనిపిస్తుంది. పాపం, డ్రైవరుకు కోపం రావచ్చు!

ముక్కు జారుడు, తోక జారుడు

బండి జారడంలోనూ రెండు రకాలున్నాయి. ముందు చక్రాలు పట్టు తప్పితే మీరు ఎంత తిప్పినా బండి వినదు, మలుపు బయటికి పోయి గట్టును కొట్టుకుంటుంది. దీన్ని ముక్కు జారుడు అందాం. వెనక చక్రాలు పట్టు తప్పితే బండి తోక బయటికి విసిరినట్టయి గిర్రున వెనక్కి తిరిగి నిలుస్తుంది. దీన్ని తోక జారుడు అందాం. ఏ రోగమో తెలియకుండా మందు వేస్తే రోగం ముదురుతుంది. కనుక మొదటి పని చూడడం. మీ స్నేహితుడు బండి నడుపుతుండగా మీరు మలుపు దగ్గర కూర్చుని ఏ చక్రాలు ముందు జారుతున్నాయో చూడండి. మట్టిలో పడిన చారలు కూడా చెబుతాయి.

వెనక చక్రాలతో నడిచే బండికి ముక్కు జారుడు ఎందుకు ఎక్కువ? వంటింటి త్రాసు తెచ్చి చూడండి. ముందు చక్రాలను త్రాసుమీద, వెనక చక్రాలను అంతే ఎత్తున్న పుస్తకాలమీద ఉంచి తూయండి. బండి మొత్తం 1500 గ్రాములైతే ముందు చక్రాలమీద 525 గ్రాములు, వెనక 975 గ్రాములు ఉందనుకుందాం. ఇది నిలబడ్డ బండి లెక్క. బండి వేగం పుంజుకునేటప్పుడు కొంత బరువు వెనక్కి మొగ్గుతుంది. బస్సు బయలుదేరగానే మీరు వెనక్కి తూలినట్టే. గురుత్వ త్వరణంలో 0.4 వంతు త్వరణంతో ఈ బండి బయలుదేరితే, గురుత్వకేంద్రం ఎత్తు 7, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 26 సెంటీమీటర్లు అయితే, సుమారు 160 గ్రాములు ముందునుంచి వెనక్కి పోతుంది. ముందు చక్రాలమీద మిగిలేది 365 గ్రాములే. బలమైన మోటారు వేస్తే త్వరణం ఇంకా పెరుగుతుంది, ముందు చక్రాలు ఇంకా తేలికవుతాయి. తిప్పే చక్రాలే నేలమీద ఆనకపోతే బండి ఎలా తిరుగుతుంది? చూశారా, పెద్ద మోటారు ఇక్కడ కూడా మనకు శత్రువే అయింది.

400 గ్రాముల బ్యాటరీని 2 సెంటీమీటర్లు ముందుకు జరపండి. 400ను 2తో హెచ్చించి 26తో భాగిస్తే సుమారు 31. అంటే 31 గ్రాముల బరువు వెనకనుంచి ముందుకు వచ్చింది. చిన్న మార్పే, కాని మలుపులో తెలుస్తుంది. ఎక్కువ జరిపితే? వెనక చక్రాలకు పట్టు తగ్గి ఊరికే తిరుగుతాయి. ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప ఉచితంగా వచ్చేది ఏదీ లేదు.

పుస్తకం చెప్పనిది రబ్బరు చెబుతుంది

“ఘర్షణ బలం, నేలను నొక్కే బరువుకు అనులోమానుపాతంలో ఉంటుంది” అని మీరు చదివారు. చాలావరకు నిజం. కాని రబ్బరు టైరు ఈ సూత్రానికి పూర్తిగా లొంగదు. బరువు రెట్టింపయితే టైరు పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువ పెరుగుతుంది. బండి ట్యూనింగులో సగం కిటుకు ఈ “కాస్త”లోనే ఉంది.

మాటవరసకు ముందు రెండు చక్రాలమీద చెరి 400 గ్రాములు ఉన్నాయనుకోండి. గుణకం 0.6. రెంటి పట్టు కలిపి 480 గ్రాముల బరువంత. మలుపులో బండి బయటివైపు ఒరిగి బయటి చక్రంమీద 600, లోపలి చక్రంమీద 200 గ్రాములు అయ్యాయి. ఎక్కువ బరువు మోసే చక్రానికి గుణకం 0.55కు తగ్గింది, తేలికైన దానికి 0.62కు పెరిగింది అనుకుందాం. 330, 124 కలిపితే 454. మొత్తం బరువు మారలేదు, పట్టు మాత్రం తగ్గింది!

బండి ఒరిగినప్పుడు ముందు, వెనక స్ప్రింగులలో ఏవి గట్టివైతే అవి ఈ ఒరుగుడు భారాన్ని ఎక్కువగా మోస్తాయి. ఆ వైపు పట్టు ఎక్కువగా తగ్గుతుంది. కనుక ముక్కు జారుతుంటే ముందు స్ప్రింగులు మెత్తన చేయండి, లేదా వెనకవి కాస్త గట్టివి వేయండి. తోక జారుతుంటే దీనికి తారుమారు. “గట్టి స్ప్రింగు మంచిది” అనీ, “మెత్తటి స్ప్రింగు మంచిది” అనీ వాదించుకునే పిల్లలను చూశాను. రెండు మాటలకూ అర్థం లేదు. ఏ చక్రాలకు, ఏ నేలమీద అని అడగాలి.

స్ప్రింగు ఒక్కటే ఉంటే చాలదు. స్ప్రింగు అందుకున్న శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే గుంతలో పడ్డ బండి బంతిలా ఎగురుతుంది. గాలిలో ఉన్న చక్రానికి పట్టు ఎక్కడిది? మంచి బగ్గీలలో స్ప్రింగు లోపల నూనె నింపిన గొట్టం ఉంటుంది. అందులో సన్నటి రంధ్రాలున్న బిళ్ళ ఒకటి పైకీ కిందికీ కదులుతుంది. నూనె ఆ రంధ్రాలలోంచి దూరి పోవడానికి ఇబ్బంది పడి, ఎగిరే శక్తిని వేడిగా మార్చేస్తుంది. చిక్కటి నూనె పోస్తే కదలిక నెమ్మదిస్తుంది, పలచటిదైతే చురుకవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం నూనె పలచబడుతుంది. కనుక ఉదయం కుదిరిన బండి మధ్యాహ్నం గెంతితే ఆశ్చర్యపోకండి. పరీక్ష సులువు: బండిని జానెడు ఎత్తునుంచి నేలమీదికి వదలండి. ఒక్కసారి కూర్చుని లేచి కుదురుకోవాలి. రెండోసారి ఎగిరితే నూనె పలచన. కూర్చున్నది లేవకుండా ఉండిపోతే నూనె మరీ చిక్కన.

చరిత్ర ఏమంటుంది?

నా మాటమీద నమ్మకం లేకపోతే చరిత్రను అడగండి. జపానుకు చెందిన తమియా కంపెనీ 1984లో గ్రాస్‌హాపర్ అనే బగ్గీని తెచ్చింది. అంటే మిడత. అందులో 380 రకం చిన్న మోటారు ఉండేది. అదే సంవత్సరం హార్నెట్ అనే బగ్గీని తెచ్చింది. అంటే కందిరీగ. దాని అడుగుభాగం కొట్టం దాదాపు మిడతదే, మోటారు మాత్రం పెద్దది, 540 రకం. కందిరీగ తిన్నటి దారిలో మిడతను దాటిపోతుంది. కాని రెండింటిలోనూ వెనక చక్రాలు, ఇరుసు, మోటారు, గేర్ల పెట్టె అన్నీ ఒకే ముద్దగా పైకీ కిందికీ కదులుతాయి. అంత బరువైన ముద్ద గుంతలో పడి లేస్తే బండి వెనకభాగాన్ని కూడా ఎగరేస్తుంది. వేగం పెరిగేకొద్దీ గెంతులూ పెరుగుతాయి. ఎగుడుదిగుడు నేలమీద వెనకవైపు గెంతడానికి కందిరీగ పేరుపొందింది. అయినా లక్షణమైన బళ్ళు అవి. ఎంతోమంది పిల్లలు వాటితోనే ఈ విద్య నేర్చుకున్నారు.

సరిగ్గా అదే 1984లో అమెరికాలోని కాలిఫోర్నియానుంచి ఆర్‌సీ10 అనే బగ్గీ వచ్చింది. అదికూడా 540 పరిమాణం మోటారుతో నడిచేదే. కాని అల్యూమినియం అడుగుపెట్టె, ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే అమరిక, నాలుగు చక్రాలకూ నూనె నింపిన డాంపర్లు దానికి ఉన్నాయి. మరుసటి ఏడు, 1985లో, ఈ తరగతి బగ్గీలకు కాలిఫోర్నియాలోనే మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. రెండు చక్రాలతో నడిచే బళ్ళ విభాగంలో నెగ్గింది ఆర్‌సీ10. బండి పేరు నిలబెట్టింది మోటారు పరిమాణం కాదు, చక్రాలను నేలకు అంటిపెట్టుకుని ఉంచిన అమరిక.

అసలు విద్య ఇక్కడుంది

ఇంతవరకు చెప్పినవి కిటుకులు. ఇవి మరిచిపోయినా ఫరవాలేదు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మరవకండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ఇద్దరు అన్నదమ్ములు నాకు తెలుసు. ఒక ఆదివారం వాళ్ళు టైర్లు మార్చారు, స్ప్రింగులు మార్చారు, బ్యాటరీ జరిపారు. బండి బాగుపడింది. సంతోషించారు. మరుసటి వారం వానపడి నేల మారింది, బండి మళ్ళీ మొరాయించింది. మూడింటిలో ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో వాళ్ళకు తెలియదు. బాగుపడింది బండి, వాళ్ళు నేర్చుకున్నది సున్న!

ఒక్కటి మార్చి, గడియారం పట్టుకుని ఐదు చుట్లు తిప్పి, సగటు తీసి నోటుబుక్కులో రాయండి. అంతటితో ఆగకండి. ఇక్కడ ఒక మోసం పొంచి ఉంది. ఉదాహరణకు మార్చకముందు చుట్టుకు 15 సెకన్లు పట్టింది. స్ప్రింగు మార్చాక 14.4 వచ్చింది. “స్ప్రింగు 0.6 సెకను మేలు చేసింది” అని రాసేస్తారు కదూ? తొందరపడకండి. పాత స్ప్రింగును మళ్ళీ వేసి ఇంకో ఐదు చుట్లు తిప్పండి. 14.5 వచ్చిందనుకోండి. ఏమైంది? స్ప్రింగు ఇచ్చింది 0.1 సెకను మాత్రమే. మిగిలిన లాభం మీ చేతిది. తిప్పగా తిప్పగా ట్రాకు మీకు అలవాటైంది! పాతదానికి తిరిగి వెళ్ళి చూడకపోతే మీ నైపుణ్యాన్ని స్ప్రింగు ఖాతాలో రాసేవారు.

ఇంకా పక్కాగా చేయాలంటే, స్ప్రింగు మార్చాలో వద్దో మీ స్నేహితుడు బొమ్మా బొరుసూ వేసి నిర్ణయించాలి. ఏది వేశాడో నడిపేవాడికి చెప్పకూడదు. “కొత్తది వేశాం” అనే నమ్మకమే చేతికి ధైర్యం ఇస్తుంది కనుక ఈ జాగ్రత్త. కొత్త మందులను పరీక్షించే వైద్యులు కూడా ఇలాగే రోగికి తెలియనివ్వకుండా చూస్తారు. బొమ్మ బండితో ఆడుకుంటూ మీరు చేసేది అదే పద్ధతి.

పెద్ద ఆటగాళ్ళు తమ బండిలో ఏ స్ప్రింగు, ఏ నూనె, ఏ కోణం వాడారో ఒక పట్టికగా ప్రకటిస్తుంటారు. దాన్ని చూసి అలాగే దింపేసే వాళ్ళున్నారు. పట్టికను చదవండి, తప్పులేదు. కాని ఆ అంకెలు ఆయన నేలకూ, ఆయన ఎండకూ, ఆయన చేతికీ కుదిరినవి. మీ ఆటస్థలం మట్టి ఆయన చూడలేదు. పక్కవాడి లెక్క చూసి జవాబు రాస్తే ఒకవేళ మార్కులు రావచ్చు, లెక్క మాత్రం రాదు.

కొన్ని అభ్యంతరాలు

“ఇది డబ్బున్నవాళ్ళ ఆట కదా?” అని మీలో కొందరికి అనిపిస్తుంది. నిజమే, పందెపు బగ్గీలు ఖరీదైనవి. కాని పలక పరీక్షకు ఏ బొమ్మ కారైనా పనికివస్తుంది. కీ ఇస్తే పరుగెత్తే కారును బల్లమీదినుంచి వాలులో వదిలి, మీద నాణేలు అతికించి, బరువు ఎక్కడుంటే ఎలా తిరుగుతుందో చూడవచ్చు. పదిమంది కలిసి ఒక బండి కొనుక్కోవచ్చు. ప్రతి పాఠశాల విజ్ఞానశాస్త్ర గదిలోనూ ఇలాంటి బండి ఒకటి ఉండాలంటాను నేను. అద్దాల బీరువాలో కాదు, బల్లమీద, పక్కన స్క్రూడ్రైవరుతో సహా. ఘర్షణ, అభికేంద్ర బలం, గురుత్వకేంద్రం, టాంజెంటు అన్నీ ఒక్క బండిలో ఉన్నప్పుడు, వాటిని నల్లబల్లమీద మాత్రమే చూపించడం ఎందుకు?

“మోటారు అసలు మార్చనే కూడదా?” అని మరొకరు అడగవచ్చు. అలా అనలేదు. బండి మలుపుల్లో కుదురుకున్నాక, తిన్నటి దారిలోనే వెనకబడుతోందని మీ నోటుబుక్కు చెబితే అప్పుడు మార్చండి. ముందు గేరు పళ్ళు లెక్కపెట్టండి. మోటారుకున్న చిన్న గేరుకు 18 పళ్ళు, పెద్ద గేరుకు 72 ఉంటే మోటారు 4 చుట్లు తిరిగితే పెద్ద గేరు ఒకటి తిరుగుతుంది. చిన్నదాన్ని 20 పళ్ళకు మారిస్తే 3.6 చుట్లు చాలు. వేగం పెరుగుతుంది, లాగే బలం తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. కాసేపు నడిపాక మోటారు దగ్గర చెయ్యి పెట్టి సెగ చూడండి, తాకకండి. బ్యాటరీతో మాత్రం ప్రయోగాలు వద్దు. ఇప్పటి లిథియం బ్యాటరీలను గుచ్చినా, వంచినా, తగని చార్జరుతో చార్జి చేసినా మంట లేస్తుంది. ఆ పని పెద్దవాళ్ళు దగ్గరుండగానే చేయండి.

ఇక పెద్దవాళ్ళకు ఒక్క మాట. “వేలు పోసి కొన్న బొమ్మను విప్పేస్తున్నాడు, పాడుచేస్తాడు” అని కోప్పడకండి. విప్పినవాడు ఒక స్క్రూ పారేస్తాడు, నిజమే. విప్పనివాడు ఎన్నటికీ ఏమీ పారేయడు, ఏమీ తెలుసుకోడు కూడా. పాడైనప్పుడల్లా కొత్తది కొనడం అలవాటైన పిల్లవాడు రేపు పంపుసెట్టు ఆగినా, సైకిలు ఆగినా చేతులు కట్టుకు నిలబడతాడు. ఎక్కడ తప్పుందో వరసగా వెతకడం నేర్చినవాడు దేనిముందూ అలా నిలబడడు.

చివరిగా మీకు ఒక పని చెబుతాను. రాబోయే సెలవురోజున మీ దగ్గరున్న ఏ బొమ్మ బండినైనా పలకమీద నిలబెట్టండి. జారే సంఖ్య ఎంత, పల్టీ కొట్టే సంఖ్య ఎంత కొలవండి. తరవాత నేలమీద నడిపి, మీ సంఖ్యలు చెప్పినట్టే జరిగిందో లేదో చూడండి. అలాగే జరిగితే సంతోషించండి. జరగకపోతే ఇంకా ఎక్కువ సంతోషించండి, ఎందుకంటే మీరు లెక్కలోకి తీసుకోనిది ఏదో ఆ బండిలో దాగి ఉంది. అదేమిటో కనిపెట్టేదాకా స్క్రూడ్రైవరు కింద పెట్టకండి.